వెండి రంగులో రెండు చుక్కల నీలం

జూన్ 4, మంగళవారం

"నీ గొప్పలు వినే ఓపిక నాకు లేదు. పుస్తకంలో రాసుకో, దానికి చెవులుండవు" అంది మా ఆవిడ. సరే, రాసుకుంటాను. కొత్త పుస్తకం కొనడం దండగని షెడ్డు రోజుల రంగుల పుస్తకం బయటికి తీశాను. ముందు సగం నిండా ఏ బండికి ఏ రంగు ఎన్ని పాళ్ళు కలిపానో రాసుంది. ప్రతి లెక్క పక్కనా ఆ రంగును బొటనవేలితో అద్దిన మచ్చ ఉంది. ప్రతి మచ్చ నడిమా ఒక అడ్డగీత. పంతొమ్మిదో ఏట రేకు నా వేలిని కోసిన గుర్తు అది. వెనక సగం ఖాళీగా ఉంటే పుస్తకం తిరగేసి అటునుంచి మొదలుపెట్టాను.

గొప్పలు కావు, నిజాలే. ముప్పై నాలుగేళ్ళు కార్లకు రంగు వేశాను. రెండోసారి రంగు పడిన తలుపేదో, కంపెనీ రంగుతో ఉన్న తలుపేదో కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి చెప్తాను. అలాంటివాడికి ఆన్‌లైన్‌లో పాత కారు చూసి కొనడం ఒక లెక్కా?

కారు మా అమ్మాయికి. ఇళ్ళకు వెళ్ళి మంచం పట్టినవాళ్ళను చూసుకునే నర్సు అది. అల్లుడు వారానికోసారి ఇంటికొస్తాడు, కాబట్టి మనవరాలు బుడ్డదాన్ని స్కూల్లో దింపడం, తీసుకురావడం అన్నీ దీని మీదే. పోయిన నెల వానలో స్కూటరు జారింది. నాలుగేళ్ళ పిల్ల గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. వచ్చే నెల ఒకటి నుంచి ఊరి అవతల ఇళ్ళకూ వెళ్ళాలట. ఈలోపల కారు కావాలి.

"నాన్నా, నాకివన్నీ తెలీవు. నువ్వు బాగుందంటే చాలు, నేను చూడను కూడా" అంది. ఇన్నేళ్ళు కూడబెట్టిందంతా దీనికే పెడుతోంది.

జూన్ 6, గురువారం

ఇవాళ ఒక మిలిటరీ కెప్టెన్ దొరికాడు. తెల్ల కారు, అందరూ అడిగేదాంట్లో సగం ధర. దూరంగా బదిలీ అయిందట, అర్జంటుగా అమ్మేయాలట. నేను అడక్కుండానే తన గుర్తింపు కార్డు ఫొటో పంపించాడు. అడక్కుండా కార్డు చూపించేవాడి దగ్గర చూపించడానికి కారు ఉండదు.

అయినా ఫొటోలు తెరిచాను. రంగు పనివాడికి కారు తలుపంటే అద్దమే. మొదటి ఫొటోలో తలుపు మీద ట్యూబులైట్ల వరస కనిపిస్తోంది, అంటే ఏదో షోరూములో తీసింది. రెండోదాంట్లో అదే తలుపు మీద చెట్లు, కరెంటు స్తంభం. మూడోదాంట్లో సముద్రం! అన్నీ ఇవాళ పొద్దున తీసినవేనట. ఒకే బండి ఒకే రోజు ఇన్ని ఊళ్ళు ఎలా తిరిగిందో మరి. ఫోన్ చేశాను.

"బండి డిపోలో ఉంది అంకుల్. కొంచెం అడ్వాన్సు వేస్తే ఇంటికే పంపించేస్తా. నచ్చకపోతే వెనక్కి పంపేయండి."

"అలాగే బాబూ. వీడియో కాల్ చేసి, బండి ముందు నిలబడి ఒకసారి బానెట్ మీద చెయ్యి పెట్టు. చూస్తాను."

"ఇక్కడ సిగ్నల్ లేదంకుల్."

"మరి నాతో ఎలా మాట్లాడుతున్నావు నాయనా, పావురంతోనా?"

పెట్టేశాడు. మా ఆవిడ వంటగదిలోంచి నవ్వింది. నేను విన్నాను, నవ్వలేదంటే ఒప్పుకోను.

జూన్ 7, శుక్రవారం

"ఒకే ఓనరు, సొంత వాడకం" అని రాసిన ప్రకటనకు ఫోన్ చేసి "మీ కారు గురించండీ" అన్నాను. "ఏ కారు సార్?" అన్నాడు. సొంత వాడకానికి ఎన్ని కార్లు పెట్టుకున్నావయ్యా మహానుభావా అని అడిగితే బిక్కచచ్చిపోయాడు. వ్యాపారి. వ్యాపారం తప్పు కాదు, మనిషి మారువేషం వేయడం తప్పు.

జూన్ 9, ఆదివారం

బామ్మర్దిని వెంటేసుకుని ఒక నీలం కారు చూడటానికి వెళ్ళాను. వాడు మెకానిక్. నేను పైన చూస్తాను, వాడు కింద చూస్తాడు. ఈ విషయంలో పాతికేళ్ళుగా మా ఇద్దరికీ వాదనే. బండికి రంగు ముఖ్యమా ఇంజను ముఖ్యమా అని వాడు మొదలుపెడితే, నీ పెళ్ళిచూపుల్లో ముందు ఏం చూశావురా అని నేను ముగిస్తాను.

తలుపు తీయగానే గుప్పుమని సెంటు వాసన. నేల మీద కొత్త కార్పెట్. అమ్మేవాడు "ఫ్యామిలీ బండి సార్, పువ్వులా చూసుకున్నాం" అంటున్నాడు. నేను మాట్లాడకుండా వెనక సీటు బెల్టును చివరిదాకా లాగాను. సగం దాకా మామూలు రంగు, అక్కణ్ణుంచి మట్టి చార. వరదనీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గీత గీసి చూపించినట్టు ఉంది. బామ్మర్ది సీటు కింద చెయ్యి పెట్టి తుప్పు పట్టిన బోల్టు మీద వేలు రాసి అతని ముందు పెట్టాడు.

"పైన పటారం, లోన లొటారం. పద బావా" అన్నాడు.

దారిలో టీ తాగుతూ "నీ చెయ్యి మంచిదే గానీ బావా, ఏ బండైనా కొనేముందు మాత్రం ర్యాంపు ఎక్కిద్దాం. కింద నుంచి చూడంది నేను ఒప్పుకోను" అన్నాడు. చూద్దాంలే అన్నాను.

జూన్ 12, బుధవారం

ఇవాళ మూడు బండ్లు చూశాను. ఒకటి ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందట, బ్రేకు పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నగా అయిపోయింది. మూడూ దొంగవే. మూడూ పట్టాను. బీపీ కూడా నార్మల్.

జూన్ 13, గురువారం

అన్నం దగ్గర మా ఆవిడ ఉన్నట్టుండి "ఇన్ని మోసాలు నీకెలా తెలుసు?" అంది.

"షెడ్డులో చూశాను."

"చూశావా, చేశావా?"

నేను రంగు మాత్రమే వేశాను. వ్యాపారి బండి తెచ్చేవాడు, ఓనరు ఒప్పుకునేవాడు, వెల్డరు అతికేవాడు, నేను రంగు వేసేవాణ్ణి. కొనేవాళ్ళతో వాళ్ళేం చెప్పుకున్నారో నాకేం సంబంధం? అదే చెప్పాను. మా ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి లేచి వెళ్ళిపోయింది. నిజం చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు ఏమంటారు మరి.

జూన్ 16, ఆదివారం

దొరికింది!

వెండి రంగు కారు, నాలుగు తలుపులది. అమ్మేది కాలేజీ లెక్చరర్, కొత్త ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తున్నాడు. ఇంటికే రమ్మన్నాడు. కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయి. బానెట్ కింద నంబరు, కాగితం మీద నంబరు ఒకటే. సర్వీసు చీటీలన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టాడు. అడ్వాన్సు ఊసే ఎత్తలేదు. "తొందరేం లేదండీ, నడిపి చూడండి, మీవాళ్ళను తీసుకొచ్చి చూపించుకోండి" అన్నాడు. ఇలాంటి మనిషి దగ్గర కొనాలి.

తర్వాత నా పని. ముందు తలుపు నుంచి డిక్కీ దాకా అరచెయ్యి ఆనించి నడిచాను. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. వేలితో తట్టాను, అంతటా ఒకటే మోత. జేబులో అయస్కాంతం తీసి పెట్టాను, అంతటా ఒకటే పట్టు. లప్పం పెట్టి పూడ్చిన చోట రేకు పలకదు, అయస్కాంతం నిలవదు. ఇది అంతటా రేకే. ముఖ్యంగా వెనక ఎడమ పక్క చూస్తే ముచ్చటేసింది. ఆ వంపు మీద వెలుగు ఎక్కడా విరక్కుండా జారుతోంది. ఆ వెండి కూడా పచ్చి వెండి కాదు, లోపల లీలగా నీలం ఉంది. ఇన్నేళ్ళలో ఇంత చక్కటి ఒంటిని చూడలేదు. లెక్చరర్ ముందు పైకే అనేశాను: "ఏ చెయ్యీ పడని బండండీ ఇది."

ఏడేళ్ళ కింద ఎవరి దగ్గర కొన్నాడో కూడా చెప్పాడు. ఆ సంగతి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

బామ్మర్దికి ఫోన్ చేస్తే "ర్యాంపు ఎక్కించావా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. "బావా..." అన్నాడు. నా చెయ్యి చెప్పింది చాలు, నీ ర్యాంపు నువ్వే ఎక్కు అని పెట్టేశాను.

జూన్ 17, సోమవారం

అమ్మాయి ఫొటో చూసి గంతులేసింది. నర్సుగారు గంతులేయడం బుడ్డదానికి తమాషాగా ఉంది. సాయంత్రానికల్లా కారులో పిల్లలు కూర్చునే బుల్లి సీటు కొనుక్కొచ్చింది. వెనక ఎడమ పక్క బిగిస్తుందట, అటువైపైతే పిల్ల దిగడం సులువని. ప్రస్తుతం దాన్ని హాల్లో పెట్టుకుని, బెల్టు కూడా బిగించుకుని బుడ్డది టీవీ చూస్తోంది.

జూన్ 18, మంగళవారం

ఆ వెండి రంగు.

జూన్ 19, బుధవారం

లెక్చరర్‌కు ఫోన్ చేసి ఖాయం చేయాలి. రేపు చేస్తాను. ఈ పుస్తకం ముందు సగం తెరిచి చూడాల్సిన అవసరం ఏమీ లేదు. ఊళ్ళో వెండి రంగు బండ్లు వెయ్యి ఉంటాయి.

జూన్ 20, గురువారం

తెరిచాను.

ఎనిమిదేళ్ళ కిందటి పేజీ. "వెండి నలభై పాళ్ళు, నలుపు ఒకటి, నీలం రెండు చుక్కలు. వెనక ఎడమ పక్క పూర్తిగా. అతుకు." పక్కన నా బొటనవేలి మచ్చ, లోపల లీలగా నీలం. ఎండకు వెలిసిన వెండిలో కలిసిపోవాలంటే నీలం రెండు చుక్కలు పడాలని కనిపెట్టింది నేనే, అందుకని షెడ్డంతా నన్ను ఆకాశానికెత్తింది. పేజీ కింద ఆ వ్యాపారి పేరుంది. లెక్చరర్ ఆదివారం చెప్పిన పేరు.

అయినా ఆ వ్యాపారి ఎన్నో బండ్లు అమ్మి ఉంటాడు.

జూన్ 21, శుక్రవారం

టైర్లు చూడాలని వంక పెట్టుకుని వెళ్ళాను. లెక్చరర్ టీ తేవడానికి లోపలికి వెళ్ళగానే వెనక ఎడమ తలుపు తీసి, అంచున ఉండే రబ్బరును మెల్లగా పీకాను. ఆ రబ్బరు కింద అతుకు మీద తుప్పు పట్టకుండా మందు పూసి, అది ఆరేలోపు దాని మీద బొటనవేలు నొక్కడం నా అలవాటు. మాకు సంతకం పెట్టుకునే చోటు ఎక్కడుంటుంది? ఎవరికీ కనిపించని చోట, నా తృప్తికి నేను పెట్టుకునేవాణ్ణి.

ఉంది. మధ్యలో అడ్డగీతతో సహా ఉంది. నా వేలు పెట్టి చూశాను, అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

వెనక నుంచి లారీ గుద్దిన బండి అది. నుజ్జయిన వెనక ఎడమ భాగాన్ని కోసేసి, తుక్కులో కొన్న ఇంకో బండి ముక్క తెచ్చి అతికాం. అందుకే లప్పం లేదు, అంతటా రేకే, నా అయస్కాంతం అంతటా పట్టింది. నంబరు ముందుభాగంలో ఉంటుంది కాబట్టి అదీ సరిపోయింది. పైన అతుకు కనిపించకుండా నేను మూసేశాను. కింద ఎవడు చూస్తాడులే అని అలాగే వదిలేశాం. ర్యాంపు ఎక్కిస్తే గుడ్డివాడికైనా తెలిసిపోయేది. ఇంకోసారి వెనక నుంచి ఏదైనా గట్టిగా తగిలిందంటే ఆ అతుకు దగ్గర బండి విచ్చుకుంటుంది. సరిగ్గా పిల్ల సీటు బిగించే చోట.

లెక్చరర్ టీ తెచ్చాడు. తాగాను. ధర కుదరదండీ అని చెప్పి వచ్చేశాను.

జూన్ 22, శనివారం

అమ్మాయికి ఇంజను బాగా లేదని చెప్పాను. "సరే నాన్నా" అంది. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

బుడ్డది ఇంకా ఆ సీట్లోనే కూర్చుని టీవీ చూస్తోంది.

జూన్ 23, ఆదివారం

నేను చేసిందాంట్లో తప్పేముంది? కొనకుండా తప్పించుకున్నాను. పిల్ల ఆ బండెక్కదు. కథ ముగిసింది. పైగా నేను రంగు మాత్రమే...

రాస్తుండగానే లెక్చరర్ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం ఇంకొకళ్ళు చూడటానికి వస్తున్నారట, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. "మీకు థాంక్స్ చెప్దామని చేశానండీ. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న మేస్త్రి చెయ్యి పెట్టి చూసి, ఏ చెయ్యీ పడని బండన్నారని వాళ్ళకు చెప్పాను. మీ మాట మీదే వాళ్ళు ధైర్యంగా వస్తున్నారు" అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు అయింది. "మంచిదండీ" అన్నాను. మంచిదట!

జూన్ 24, సోమవారం

మా ఆవిడకు చెప్పేశాను. బియ్యం ఏరుతూ అంతా వింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంది. ఇంకాసేపటికి, "చూడగానే ముచ్చటేసిందన్నావు చూడు, అప్పుడే అనుకోవాల్సింది. కాకిపిల్ల కాకికి ముద్దు."

"ఇప్పుడేం చేయను?"

"నాతో చెప్తే ఏమొస్తుంది? ఆ బండి నేను కొనట్లేదుగా. వెళ్ళి చెప్పాల్సినవాళ్ళకు చెప్పు." ఏరిన రాళ్ళు కిటికీలోంచి బయటికి విసిరింది. "ఇంకోసారి రంగు మాత్రమే వేశానన్నావంటే ఆ పుస్తకం పొయ్యిలో పెడతాను."

జూన్ 25, మంగళవారం

వెళ్ళాను. ముందు ఏమీ చెప్పకుండా రబ్బరు పీకి వేలిముద్ర చూపించాను, పక్కన నా వేలు పెట్టాను. తర్వాత చెప్పాను. లెక్చరర్ తల తిప్పి ఇంటివైపు చూశాడు. వరండాలో ఆయన తల్లి కూర్చుని పేపరు చదువుతోంది. ఏడేళ్ళుగా ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ బండిలోనే, కూర్చోబెట్టింది వెనక సీట్లోనేనట.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇలాంటివి ఎన్ని చేశారండీ?" అని మాత్రం అడిగాడు.

గుర్తులేదనబోయాను. నోట్లోంచి "పదకొండు" అని వచ్చింది. గురువారమే లెక్కపెట్టాను మరి. "అతుకు" అని రాసిన పేజీలు పదకొండు.

జరిగిందంతా కాగితం మీద రాసిమ్మన్నాడు, ఆ వ్యాపారి మీద ఫిర్యాదు చేస్తాడట. వ్యాపారి పేరుతో పాటు నా పేరూ రాశాను. సంతకం పెట్టాను. ఆయన అడక్కపోయినా బొటనవేలు కూడా అద్దాను. బండిని ఎవరికీ అమ్మనని, తుక్కుకిచ్చేస్తానని అన్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు కూడా. ఇంత సిగ్గుపడిన రోజు నా జన్మలో లేదు.

జూన్ 27, గురువారం

అమ్మాయికి చెప్పాను. విన్నంతసేపూ బుడ్డదాని జుట్టు దువ్వుతూనే ఉంది. జడ వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది.

"నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదుగా నాన్నా."

"తెలిసేది కాదు."

"నువ్వు బాగుందంటే చాలని ఇప్పుడు కూడా అంటాను. కానీ ఈసారి నేనూ వస్తాను. మావయ్యని ర్యాంపు ఎక్కించమంటాను."

నా మీద నమ్మకం పోయిందా, నిలిచిందా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. రెండూ అనిపిస్తోంది.

జూన్ 30, ఆదివారం

కొన్నాం. ఎర్ర బండి, చిన్నది. ముందు తలుపుకు సొట్ట, బంపరుకు గీతలు. "సొట్ట దాచలేదేమండీ?" అని అడిగితే, "మా ఆయన గేటుకు గుద్దాడు. దాచడమెందుకు, చూస్తే తెలుస్తూనే ఉందిగా" అంది అమ్మే ఆవిడ. బామ్మర్ది ర్యాంపు మీద అరగంట దాని కిందే ఉన్నాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ "ఇప్పుడు పెట్టుకో బావా నీ అరచెయ్యి" అన్నాడు. పెట్టాను. అమ్మాయి కూడా పెట్టింది. రెండోసారి రంగు పడితే ఎలా తెలుస్తుందో దానికి నేర్పించాను. నాలుగు నిమిషాల్లో పట్టేసింది. నా కూతురు మరి!

సొట్ట తీసి రంగు వేయనా అంటే వద్దంది.

జూలై 3, బుధవారం

నెల రోజులుగా ఎవరెవరో పెట్టిన ప్రకటనలు చదివాను. ఇవాళ నేనొకటి పెట్టాను. "అమ్మడానికి కాదు, కొనడానికి కాదు. కింద రాసిన పది బండ్లలో ఏదైనా మీ దగ్గరుంటే వెనక తలుపుల రబ్బరు పీకి చూడండి. మధ్యలో అడ్డగీతతో బొటనవేలి ముద్ర ఉంటే ఆ బండి నడపకండి, నాకు ఫోన్ చేయండి. ఆ ముద్ర నాది." కింద, లెక్చరర్ బండి పోను మిగిలిన పది బండ్ల రంగు, రకం, సంవత్సరం రాశాను. పాత మచ్చలన్నిటికీ ఫొటో తీసి జత చేశాను.

బామ్మర్ది చదివి తల గోక్కున్నాడు. "బావా, ఇలాంటిది నాకొస్తే ముందు నిన్నే మోసగాడనుకుంటా."

వాడన్నదీ నిజమే. పోలీసు ఫోన్ కూడా రావచ్చు. రానీ.

జూలై 5, శుక్రవారం

ముగ్గురు ఫోన్ చేశారు. ఇద్దరు తిట్టడానికే. ఒకడు మాత్రం "అడ్వాన్సు ఎంత పంపాలి అంకుల్?" అని వెటకారం చేశాడు. గొంతు మన కెప్టెన్‌లాగే ఉంది.

జూలై 9, మంగళవారం

రాయడానికి ఇక రెండు పేజీలే ఉన్నాయి. ఆ తర్వాత తిప్పితే రంగుల పేజీలే.

పొద్దున పదింటికి ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. మాటలో అనుమానం కత్తిలా ఉంది.

"ఏం కావాలండీ మీకు? డబ్బా?"

"ఏమీ వద్దమ్మా. నేను రాసినవాటిలో మీది ఏ రంగు బండి?"

"ముదురు ఆకుపచ్చ. అయితే?"

"ఇప్పుడు బండి దగ్గరున్నారా? వెనక ఎడమ తలుపు తీయండి. అంచున రబ్బరుంటుంది, కింద నుంచి లాగితే ఊడొస్తుంది. భయపడకండి, మళ్ళీ నొక్కితే కూర్చుంటుంది."

ఫోన్లో తలుపు తీసిన చప్పుడు వినపడింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఉండకూడదని ఎంతగా కోరుకున్నానో నాకే తెలుసు. మా ఆవిడ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఉందండీ" అందావిడ. గొంతులో అనుమానం పోయింది. "మధ్యలో గీత కూడా ఉంది."

"వెనక సీట్లో ఎవరు కూర్చుంటారమ్మా?"

"మా కవలలు."

అడ్రసు చెప్పమన్నాను. పెన్ను దొరక్క ఈ పుస్తకంలోనే, ఈ పేజీ అంచునే, మా ఆవిడ కాటుక పెన్సిల్‌తో రాసుకున్నాను. బామ్మర్ది నేరుగా అక్కడికే బయల్దేరాడట. ఎర్ర బండి తాళాలు అమ్మాయి నా చేతిలో పెట్టింది.